ఓట్లు పెరిగాయి, సీట్లు పోయాయి: 1955 ఆంధ్ర ఎన్నికల కథ

ఆంధ్ర రాష్ట్రం పుట్టి ఏడాదిన్నర కూడా నిండకముందే, 1955 ఫిబ్రవరిలో, జనం మళ్లీ పోలింగ్ కేంద్రాల ముందు బారులు తీరారు. మద్యనిషేధం, కల్లుగీత కార్మికుల కోరికల మీద రేగిన గొడవలో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం 1954 నవంబరులో ఒకే ఒక్క ఓటు తేడాతో కూలింది. కర్నూలు రాజధానిగా ఉన్న రాష్ట్రంలో రాష్ట్రపతి పాలన వచ్చింది, వెనకే మధ్యంతర ఎన్నికలు వచ్చాయి. ఈసారి అధికారం తమదేనని కమ్యూనిస్టులు నమ్మారు. వాళ్లంటే గిట్టనివాళ్లు కూడా అదే నమ్మి, హడలిపోయారు.

ఆ నమ్మకం గాలిలోంచి పుట్టింది కాదు. 1952లో, ఉమ్మడి మద్రాసు శాసనసభలోని 140 ఆంధ్ర స్థానాల్లో కమ్యూనిస్టులకు 41, కాంగ్రెస్‌కు 40 వచ్చాయి. అనంతపురంలో తరిమెల నాగిరెడ్డి ఏకంగా తన బావ నీలం సంజీవరెడ్డినే ఓడించారు. అయితే ఆ విజయం వెనక ఇంకో సంగతి ఉంది. అప్పటికి కాంగ్రెస్ ఇల్లు ముక్కలై ఉంది. ప్రకాశం ఒక దారి పట్టారు, ఆచార్య ఎన్.జి. రంగా కృషికార్ లోక్ పార్టీ పెట్టుకుని మరో దారి పట్టారు. కమ్యూనిస్టులకు పడని ఓట్లు మూడు నాలుగు వైపులకు చీలిపోయాయి.

ఢిల్లీ ఈ లెక్కను బాగానే చదువుకుంది. బొంబాయి కాంగ్రెస్‌ను గుప్పిట్లో పెట్టుకున్న ఎస్.కె. పాటిల్‌ను ఆంధ్రలో ఎన్నికల పని చూడమని పంపారు. ప్రచారం అనగానే సభలు, మైకులు, ఊరేగింపులు గుర్తొస్తాయి కానీ, ఆ ఎన్నికలో అసలు పని గది తలుపులు వేసుకుని జరిగింది. రంగా పార్టీతో, ప్రకాశం వర్గంతో సర్దుబాటు కుదిర్చి, వీలైనన్ని చోట్ల కమ్యూనిస్టు మీద ఒక్క అభ్యర్థినే నిలబెట్టారు. చూడ్డానికి చప్పగా ఉండే ఈ పనే మిగతా ఆర్భాటం మొత్తానికన్నా ఎక్కువ ఫలితమిచ్చింది.

ఆర్భాటానికీ కొదవ లేదు. ఆ రోజుల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద గుర్తు. ముద్ర గుద్దే పని లేదు. చీటీ నచ్చిన పెట్టెలో వేస్తే సరి. చదువు రాని ఓటరే ఎక్కువ కాబట్టి ఊరూరా ప్రచారమంతా కాంగ్రెస్ కాడెద్దులూ, కమ్యూనిస్టుల కంకి కొడవలీ అయింది. బుర్రకథతో జనాన్ని కూర్చోబెట్టడంలో కమ్యూనిస్టుల కళాసంఘం ప్రజానాట్యమండలి వారసులను మించినవాళ్లు లేరు. కాంగ్రెస్ పక్షాన పత్రికలు గొంతెత్తాయి. నార్ల వెంకటేశ్వరరావు సంపాదకత్వంలోని ఆంధ్రప్రభ కమ్యూనిస్టుల మీద కలం దూసింది.

అంతలో దెబ్బ మాస్కో నుంచే తగిలింది. జనవరి 26న సోవియట్ పార్టీ పత్రిక ప్రావ్దా నెహ్రూ ప్రభుత్వాన్ని మెచ్చుకుంటూ సంపాదకీయం రాసింది. కాంగ్రెస్ వాళ్లు ఆలస్యం చేస్తారా? దాన్ని కరపత్రాలుగా అచ్చేయించి ఊళ్ల మీదికి వదిలారు. మీ గురువులే మా నాయకుణ్ణి పొగుడుతుంటే మీరు తిట్టడమేమిటని అడిగితే ఎర్రజెండా కార్యకర్త దగ్గర సూటి జవాబు లేకపోయింది. పొలం గట్టు మీది ఓటరు ఆ సంపాదకీయం చూసి మనసు మార్చుకున్నాడంటే నమ్మడం కష్టం. అది ఎక్కువగా కుంగదీసింది కార్యకర్తల ఉత్సాహాన్నే.

కులం మాట దాటవేస్తే ఈ కథ సగమే. అమెరికన్ పాత్రికేయుడు సెలిగ్ హారిసన్ 1956లో రాసిన వ్యాసంలో, కృష్ణా డెల్టాలో కమ్యూనిస్టు నాయకత్వం ఎక్కువగా కమ్మ రైతు కుటుంబాల నుంచి వచ్చిందనీ, కాంగ్రెస్‌లో రెడ్ల పెత్తనంతో పోటీ దానికి తోడైందనీ వాదించాడు. కమ్మ కులంలో పలుకుబడి ఉన్న రంగా 1955లో కాంగ్రెస్ పక్కకు చేరడం చిన్న విషయం కాదు. భూమి పోతుందన్న భయం కూడా కలిగిన రైతులను అటే నెట్టింది. కానీ హారిసన్ చూపు కులపెద్దల మీద నిలిచినంతగా కూలిజనం మీద నిలవలేదు. కమ్యూనిస్టు పెట్టెల్లో పడ్డ ఓట్లను డెల్టా ఆసాములు మాత్రమే నింపలేదు కదా.

ఫలితాలు వచ్చాయి. 196 స్థానాల్లో కాంగ్రెస్‌కు 119, కృషికార్ లోక్ పార్టీకి 22, ప్రకాశం వర్గం ప్రజాపార్టీకి 5. కూటమికి మొత్తం 146. కమ్యూనిస్టులకు దక్కినవి 15. గన్నవరంలో పుచ్చలపల్లి సుందరయ్య గెలిచారు. మార్చి 28న బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు.

ఓట్ల లెక్క చూస్తే మాత్రం కథ తిరగబడుతుంది. 1952లో కమ్యూనిస్టులకు పడినవి దాదాపు 22 శాతం, 1955లో 31 శాతం. ఈసారి ఎక్కువ స్థానాల్లో పోటీ చేశారన్నది నిజమే. అయినా, అంత దుష్ప్రచారాన్నీ, మాస్కో దెబ్బనూ తట్టుకుని పదిమందిలో ముగ్గురు వాళ్ల వైపే నిలిచారు. ప్రచారం వాళ్ల ఓటరును లాక్కోలేకపోయింది. ఎదుటి ఓట్లను మాత్రం ఒక్క పెట్టెలోకి చేర్చింది. అలాంటి ఓట్ల వాటాయే మరోచోట అధికారం తెచ్చింది: రెండేళ్ల తర్వాత, 1957లో, కేరళలో అదే పార్టీ 35 శాతం ఓట్లతో 126కు 60 సీట్లు గెలిచి, స్వతంత్రుల అండతో ప్రభుత్వం ఏర్పాటు చేసింది.