పసిపిల్లల్లో నెమ్ము – పేదరికం: ప్రమాద కారకాల చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

జ్వరంతో, ఆయాసంతో పసిబిడ్డ డొక్కలు ఎగరేస్తుంటే తెలుగు పల్లెల్లో 'నెమ్ము చేసింది' అంటారు. నెమ్ము అంటే తేమ. ఈ మాట వ్యాధికి మూలాన్ని తడిలో, చలిగాలిలో వెతుకుతుంది. వైద్యశాస్త్రం న్యుమోనియాకు కారణాలుగా న్యుమోకాకస్, హిబ్ వంటి బాక్టీరియాలను, ఆర్.ఎస్.వి. వంటి వైరస్‌లను గుర్తించింది. అయితే ఆ సూక్ష్మజీవులు సంపన్నుల ఇళ్లలోనూ ఉంటాయి. మరణాలు పేదల ఇళ్లలోనే ఎక్కువ కావడానికి కారణమేమిటన్న ప్రశ్న నుంచి 'ప్రమాద కారకాల' అన్వేషణ బలపడింది. గత నాలుగు దశాబ్దాల్లో ఆ అన్వేషణ సాగిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. శ్వాసల లెక్క:

ఎక్స్‌రే, ప్రయోగశాల లేని చోట వ్యాధిని గుర్తించే మార్గాన్ని పాపువా న్యూగినీలోని గొరోకాలో ఫ్రాంక్ షాన్, ఆయన సహచరులు పరిశోధించారు. శ్వాస వేగం, డొక్కల ఎగరవేత ఆధారంగా చికిత్స నిర్ణయించవచ్చని 1984లో ప్రతిపాదించారు. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ నిమిషానికి శ్వాసల పరిమితులను నిర్దేశించింది: 2 నెలల లోపు 60, 2 నుంచి 11 నెలల వరకు 50, ఏడాది నుంచి 5 ఏళ్ల వరకు 40.

తెలంగాణ సరిహద్దులో, సిరొంచ ప్రాంతంలో తెలుగు కూడా వినిపించే గడ్చిరోలి జిల్లాలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు ఈ పద్ధతిని గ్రామానికి చేర్చారు. 58 గ్రామాల్లో గ్రామ ఆరోగ్య కార్యకర్తలు, మంత్రసానులు కోట్రైమోక్సజోల్‌తో చికిత్స చేశారు. 1990లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో న్యుమోనియా మరణాలు అక్కడ 1000కి 8.1, పోలిక కోసం ఎంచుకున్న 44 గ్రామాల్లో 17.5. పెద్ద అంకెలు లెక్కించలేని మంత్రసానుల కోసం పూసలు, ఇసుక గడియారం గల పరికరాన్ని రూపొందించారు. వైద్యజ్ఞానం నిరక్షరాస్య స్త్రీల చేతికి అందడం ఇక్కడి విశేషం. అయితే ఈ చికిత్స మరణాన్ని ఆపింది గాని, వ్యాధిని తెచ్చే పరిస్థితులను మార్చలేదు.

3. పొయ్యి పొగ:

ఆ పరిస్థితుల్లో మొదట పరిశోధకుల దృష్టికి వచ్చింది వంటిల్లు. కిర్క్ స్మిత్ బృందం గుజరాత్ గ్రామాల్లో వంట చేసే స్త్రీలు పీల్చే పొగను కొలిచి 1983లో ఫలితాలు వెలువరించింది. తల్లి వీపున, ఒడిలో ఉండే బిడ్డ పీల్చేదీ ఆ పొగనే. ఈ అవగాహనతో గ్వాటెమాలాలో పొగగొట్టం పొయ్యిలతో జరిపిన పరీక్ష ఫలితాలు 2011లో వచ్చాయి. పొగ ప్రభావం సగానికి తగ్గినా మొత్తం న్యుమోనియా చెప్పుకోదగినంతగా తగ్గలేదు. తీవ్రమైన న్యుమోనియా మాత్రం తగ్గింది. తమిళనాడుతో సహా నాలుగు దేశాల్లో గ్యాస్ పొయ్యిలతో జరిపిన పరీక్షలో శిశువుల తీవ్ర న్యుమోనియా గణనీయంగా తగ్గలేదని 2024లో తేలింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం, దేశవ్యాప్తంగా 2016లో ఉజ్జ్వల పథకం పేద స్త్రీలకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చాయి. సిలిండరు మళ్లీ తెచ్చుకోలేని ఇళ్లలో కట్టెల పొయ్యి ఆరలేదు.

4. జాబితాను చదవవలసిన తీరు:

2008లో ఇగోర్ రూడాన్ బృందం నిర్ధారిత కారకాలుగా ఆరింటిని పేర్కొంది: పోషకాహార లోపం, తక్కువ జనన బరువు, తొలి నెలల్లో తల్లిపాలు మాత్రమే ఇవ్వకపోవడం, తట్టు టీకా లేకపోవడం, ఇంటిలోని పొగ, ఇరుకు నివాసం. విడివిడిగా చదివితే ఇవి తల్లి చేసిన పొరపాట్లుగా కనిపిస్తాయి. కలిపి చదివితే ఒకే ఇంటి వర్ణనగా మారతాయి. గర్భంతోనే కూలికి వెళ్లిన తల్లికి తక్కువ బరువు బిడ్డ పుడుతుంది. పసిబిడ్డను వదిలి పనికి వెళ్లవలసి వస్తే పాలు తప్పుతాయి. ఒకే గదిలో వంట, నిద్ర సాగితే పొగ, ఇరుకు రెండూ చేరతాయి. ఒక్క పొయ్యిని మార్చిన పరీక్షలు ఆశించిన ఫలితం ఇవ్వకపోవడాన్ని ఈ కోణంలోనూ ఆలోచించాలి.

5. ముగింపు:

2017లో దశలవారీగా మొదలైన న్యుమోకాకల్ టీకా 2021లో దేశమంతటికీ విస్తరించింది. టీకా, శ్వాసల లెక్క, సకాలంలో మందు ప్రాణాలు నిలుపుతాయి. కాని ప్రమాద కారకాల చరిత్ర తల్లి అజ్ఞానాన్ని కాక, ఆమె కూలిని, తిండిని, ఇంటిని ప్రశ్నించాలని సూచిస్తుంది. 'నెమ్ము' అన్న పాత మాట సూక్ష్మజీవిని ఎరుగదు. అయినా బిడ్డ చుట్టూ ఉన్న పరిసరాలను గమనించింది. పరిశోధన కూడా ఆ పరిసరాల వైపే చూపు మళ్లించింది.