చెకుముకి తుపాకి – రాతిని బిగించు నేర్పు

1758వ సంవత్సరము డిసెంబరు నెలలో, పిఠాపురమునకు చేరువనున్న చందుర్తికడ కర్నల్ ఫోర్డు నడపిన ఇంగ్లీషు సేనకును, కాన్‌ఫ్లాన్సు నాయకత్వమునందలి ఫ్రెంచి సేనకును యుద్ధము జరిగెను. 1759లో మచిలీపట్టణము ఇంగ్లీషువారి వశమగుటకు దారితీసిన యీ పోరున, ఉభయపక్షముల ఐరోపా సైనికుల చేతనుండినది చెకుముకి తుపాకియే. అది ప్రేలుటయు ప్రేలకుండుటయు ఒక చిన్న రాతిముక్కపై ఆధారపడియుండెను.

అంతకుముందు వాడుకలోనున్న తుపాకులకు మండుచున్న ఒత్తి కావలెను. వానకు ఒత్తి ఆరిపోవును. చీకటిలో దాని నిప్పు శత్రువునకు జాడ తెలుపును. 17వ శతాబ్ది ఆరంభమున ఫ్రాన్సుదేశమున రూపొందిన చెకుముకి యంత్రము ఈ చిక్కును చాలవరకు తీర్చెను. మీట నొక్కగనే 'గుర్రము' అను భాగము ముందునకు దుమికి, తన దవడలనడుమనున్న రాతిని ఉక్కురేకునకు రాచును. ఆ రాపిడికి లేచిన రవ్వలు గిన్నెలోని రంజకముపై పడును. ఆ మంట సన్నని రంధ్రముగుండ గొట్టములోని మందును అంటించును.

ఈ రాళ్లకు ఇంగ్లాండులో బ్రాండన్ పట్టణమును, ఫ్రాన్సులో షేర్ నదీప్రాంతమును పేరొందెను. పనివారు వానిని సుత్తెతో చీల్చి చేతితోనే తీర్చుచుండిరి. కావున ఏ రెండును ఒక్కతీరున నుండవు. ఒకదాని వీపున గూను, వేరొకదాని మడమ వంకర. ఇనుప దవడలనడుమ వట్టిరాతిని బిగించినచో అది జారును, లేదా పగులును. అందుచేత తోలుముక్కనో, పలుచని సీసపురేకునో మడిచి రాతికి తొడుగుచుండిరి. తోలు మెత్తన గనుక ఎగుడుదిగుడులకు ఒదుగును. సీసము ఒత్తిడికి రాతి ఆకృతినే పొందును. తోలుమడతయందు రంధ్రము చేసినచో రాతివెనుకభాగము మరచీలకు ఆనుకొని, దెబ్బకు వెనుకకు జరుగదు. రాయి పొట్టిదైనచో వెనుక మరియొక తోలుముక్కను చేర్చవలెను. గూను అడ్డువచ్చినచో రాతిని తిరగవేసి, ఏ వైపున పట్టు గట్టిగా కుదురునో చూడవలెను.

రాతి అంచు ఆసాంతము ఉక్కురేకునకు ఒక్కమారే తగులవలెను. ఒక మూలయే తగిలినచో రవ్వలు తగ్గును, రాయియు చిట్లును. కొన్ని మారులు కాల్చినపిమ్మట తోలు అణగి పట్టు సడలును. అప్పుడు మరచీలను మరల బిగింపవలెను. పోరునడుమ ఈ పని మరచిన సిపాయి చేత మిగులునది తుపాకి కాదు, బాయొనెట్టు తగిలించిన కఱ్ఱయే.

ఫోర్సైతు అను స్కాట్లండు మతగురువు, దెబ్బకు ప్రేలెడు మందుతో తుపాకిని కాల్చు పద్ధతికి 1807లో పేటెంటు పొందెను. దానినుండి పుట్టిన రాగిటోపీ 19వ శతాబ్ది నడుమకు ఐరోపా సేనలలో చెకుముకిరాతిని తొలగించెను. చందుర్తి సేనానుల పేర్లు చరిత్రమున నిలిచినవి; పోరునకు ముందు తోలుమడతను సరిచూచుకొన్న సిపాయిల పేర్లు మాత్రము ఎచ్చటను కానరావు.