కారంపూడి కథ – అమెరికా పాఠం

ఉద్యోగ విరమణ చేసిన మనలో చాలామందికి ఇప్పుడు రెండో ఉద్యోగం ఒకటి ఉన్నది. మనవలకు, మనవరాళ్లకు చదువు చెప్పడమే అది. పిల్లలు అమెరికాలో స్థిరపడినవారికి ఈ ఉద్యోగం మరికొంచెం కష్టం. అక్కడ కొన్ని కుటుంబాలవారు పిల్లలను బడికి పంపక ఇంట్లోనే చదివించుకుంటారు. 1993 నాటికే మొత్తం 50 రాష్ట్రాలలోనూ ఇది చట్టసమ్మతమయింది. నియమాలు మాత్రం రాష్ట్రానికొక తీరు. టెక్సాస్‌లో చదవడం, లెక్కలు మొదలైనవాటితోపాటు మంచి పౌరుడుగా మెలగడమెట్లాగో కూడా నేర్పాలి. పెన్సిల్వేనియాలో అమెరికా చరిత్ర, పౌరశాస్త్రం తప్పనిసరి. లెక్కలంటే సరే, వాషింగ్టన్, లింకన్‌ల సంగతి మనమేం చెబుతామని తాతయ్యలు, అమ్మమ్మలు వెనుకాడుతుంటారు. వెనుకాడనక్కరలేదు. కారంపూడి కథ తెలిసినవారికి ఆ పాఠం సగం వచ్చినట్లే.

అసలు ఇంటి చదువు మనకు కొత్త కాదు. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో కలెక్టర్లచేత విద్యా స్థితిగతులపై లెక్కలు తీయించాడు. 1826లో అతడు వ్రాసిన దాని ప్రకారం మద్రాసు పట్టణంలో బడులకు వెళ్లే పిల్లలు సుమారు 5,500 మంది కాగా, ఇళ్లలో చదువుకునేవారు 26,963 మంది. ఈ రెండో అంకెలో కొంత పొరపాటు ఉండవచ్చునని మన్రోయే అభిప్రాయపడ్డాడు. అయినా ఇంటి చదువు ఎంత వ్యాప్తిలో ఉండేదో దీనివల్ల తెలుస్తున్నది. అమెరికాలో అబ్రహాం లింకన్ బడిలో గడిపిన కాలమంతా కలిపినా ఒక ఏడాదికి మించదు. మిగిలినదంతా ఇంటి దగ్గర చదివిన చదువే.

ఇక మన కథకు వద్దాం. 12వ శతాబ్ది చివరి భాగంలో పల్నాటిలో గురజాల నలగామరాజుకూ, మాచర్ల మలిదేవాదులకూ తగాదా వచ్చింది. వారు ఒక తండ్రి బిడ్డలే. ఒకవైపు నాయకురాలు నాగమ్మ, మరొకవైపు బ్రహ్మనాయుడు. రాజ్యాన్ని కోడిపందెంలో పెట్టారు. ఓడినవారు ఏడేళ్లు రాజ్యం విడిచి వలసపోవాలని ఒప్పందం. మలిదేవుని పక్షం ఓడి వెళ్లిపోయింది. ఏడేళ్లు నిండాయి. రాజ్యం తిరిగి ఇమ్మని అలరాజు రాయబారం వెళ్లాడు. అతడు నలగామునికి స్వయానా అల్లుడు. రాజ్యం రాలేదు సరికదా, అలరాజు ప్రాణమే పోయింది. ఆపైన నాగులేటి ఒడ్డున కారంపూడి రణరంగమయింది. నేటికీ కార్తీక అమావాస్య నుంచి రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు పేర్లతో ఐదు రోజులు వీరుల ఉత్సవాలు జరుగుతున్నాయి.

పిల్లలకు ఈ కథ చెప్పి ఒక ప్రశ్న వేయండి. యుద్ధం ఎందుకు వచ్చింది? కోడి ఓడినందుకు కాదు. గడువు తీరినా గద్దె వదలనందుకు. ఇక్కడినుంచి అమెరికా పాఠంలోకి తిన్నగా నడవవచ్చు. జార్జి వాషింగ్టన్ రెండుసార్లు అధ్యక్షుడుగా ఉండి, మూడోసారి వద్దనుకొని 1797లో పదవి విడిచాడు. 1800 ఎన్నికలలో ఓడిన జాన్ ఆడమ్స్ మరుసటి సంవత్సరం తన ప్రత్యర్థి జెఫర్సన్‌కు అధికారం అప్పగించి ఇంటికి వెళ్లాడు. కత్తి దూయవలసిన పని రాలేదు. పౌరశాస్త్రమంతా ఈ ఒక్క సంగతిలో ఉన్నది. ఓడినవాడు ఇంటికి క్షేమంగా వెళ్లగలగాలి, గెలిచినవాడు గడువు తీరగానే దిగిపోవాలి.

రెండో పాఠం చాపకూడు. బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాపమీద కూర్చోబెట్టి భోజనం పెట్టించాడని, మాల కన్నమదాసును సేనాపతిని చేశాడని కథ. మందపోరు నాడు కారంపూడిలో ఇప్పటికీ చాపకూడు ఉన్నది. దీని ప్రక్కన 1960 ఫిబ్రవరి 1వ తేదీని పెట్టండి. ఆనాడు ఉత్తర కరొలైనాలోని గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు, తెల్లవారికి మాత్రమే వడ్డించే ఫలహారశాలలో కూర్చుని లేవమన్నా లేవలేదు. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చి అటువంటి వివక్షను నిషేధించింది. మన రాజ్యాంగం 17వ అధికరణం 1950లోనే అంటరానితనాన్ని రద్దు చేసింది. ఇంత చట్టమున్నా చాప మీద చోటు అందరికీ దొరుకుతున్నదా అని పిల్లలు అడిగితే దాటవేయకండి. నిజం చెప్పండి.

మంచినే చెప్పి ఊరుకుంటే అది చరిత్ర కాదు. అమెరికాలోనూ అన్నదమ్ములు కొట్టుకున్నారు. 1861 నుంచి 1865 వరకు సాగిన అంతర్యుద్ధంలో ఆరు లక్షలకు పైగా చనిపోయారు. 2021 జనవరి 6న జనం వాషింగ్టన్‌లోని చట్టసభల భవనంలోకి చొరబడి ఎన్నికల ఫలితం ధ్రువీకరణను అడ్డుకున్నారు. 2024 మే నెల ఎన్నికలలో మన పల్నాడులో ఘర్షణలు చెలరేగి 144వ సెక్షన్ విధించవలసి వచ్చింది. వీరత్వం చెప్పి పౌరధర్మం చెప్పకపోతే పిల్లల చేతికి కత్తి ఇచ్చి ఒర ఇవ్వనట్లే. బాలచంద్రుని శౌర్యం చెప్పిన నోటితోనే అలరాజు రాయబారం విలువ కూడా చెప్పాలి.

బోధనకు పెద్ద సరంజామా అక్కరలేదు. ఒక గోడపటం, రెండు రాజ్యాంగాల పీఠికలు చాలు. రెండూ ప్రజల పేరుతోనే మొదలవుతాయని పిల్లలచేత చదివించి చూపండి. 18 ఏళ్లకే ఓటు అమెరికాలో 1971లోను, మన దేశంలో 1989లోను వచ్చింది. ఎందుకు వచ్చిందో వెదకమనండి. ఇంట్లో చిన్న విషయాలకు ఓటు పెట్టి, ఓడినవారు ఆ నిర్ణయాన్ని మన్నించడం అలవాటు చేయండి.

జీన్ రోఘైర్ అనే అమెరికా పండితుడు పల్నాటికి వచ్చి, ఇక్కడి గాయకులు పాడే వీరగాథను విని, ఇంగ్లీషులోకి అనువదించి, 1982లో గ్రంథంగా వెలువరించాడు. ఆ దేశంవాడు మన కథ నేర్చుకోవడానికి ఇంత దూరం వచ్చినప్పుడు, మన మనవల కోసం వారి దేశం కథ మనం నేర్చుకోవడం ఎంత పని? పెన్షను తీసుకునేవారికి తీరికకు కొరత లేదు. ఈ కార్తీకంలో సోదర సభ్యులు ఫోనులోనైనా సరే ఒక్క పాఠం మొదలుపెట్టవలసిందిగా కోరుతున్నాను.