‘ఎస్టేటు’ నుంచి పట్టాకు, పట్టా నుంచి ‘ఎస్టేటు’కు: చిత్తూరులో స్వతంత్ర రాజకీయం (1959–1978)

వ్యాససంగ్రహం: 1962లో చిత్తూరు లోక్‌సభ స్థానానికి జరిగిన ఉపఎన్నికలో స్వతంత్రపార్టీ అధ్యక్షులు ఆచార్య ఎన్.జి. రంగా గెలిచారు. ఆస్తిహక్కు, స్వేచ్ఛా విపణి, రాజకీయ స్వేచ్ఛ విడదీయరానివని వాదించిన పార్టీకి దక్షిణ రాయలసీమ రైతాంగం ఎందుకు దగ్గరైంది? పదిహేనేళ్ల తర్వాత, అత్యవసర పరిస్థితి చివరి రోజులలో, అదే నియోజకవర్గం కాంగ్రెసును ఎందుకు గెలిపించింది? ఈ రెండు ప్రశ్నలను భూచట్టాల చరిత్ర వెలుగులో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: స్వతంత్రపార్టీ, ఎన్.జి. రంగా, రైతువారీ, 17వ రాజ్యాంగ సవరణ, మండీ, విధేయత, అత్యవసర పరిస్థితి.

1. ఉపఎన్నిక

తిరుచానూరులో జన్మించిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు తొలి లోక్‌సభకు తిరుపతి నుంచి, తర్వాతి రెండు లోక్‌సభలకు చిత్తూరు నుంచి ఎన్నికయ్యారు. 1956 నుంచి 1962 వరకు స్పీకరు. మూడవసారి గెలిచిన కొద్ది నెలలకే బీహారు గవర్నరుగా నియమితులు కావడంతో చిత్తూరు స్థానం ఖాళీ అయింది. అదే సాధారణ ఎన్నికలలో తెనాలిలో ఓడిపోయిన రంగా ఈ ఉపఎన్నికలో నిలిచి గెలిచారు. గుంటూరు జిల్లా నిడుబ్రోలు మనిషి చిత్తూరుకు బయటివారే. అయ్యంగారు వంటి స్థానికుని, పైగా సభాపతిగా దేశమంతటికీ తెలిసిన నాయకుని గెలిపించిన నియోజకవర్గం, కొన్ని నెలల వ్యవధిలోనే పొరుగు ప్రాంతపు ప్రతిపక్ష నాయకుని ఎన్నుకోవడం చిన్న విషయం కాదు.

రంగాను ‘బయటివారు’ అని తేల్చివేయడమూ సరికాదు. 1930ల నుంచి జమీన్ రైతు ఉద్యమంలో ఆయన పేరు వెంకటగిరి పరిసరాలలో, ఆ పైన చిత్తూరు జిల్లా తూర్పు తాలూకాలలో వినబడుతూనే ఉంది. చిత్తూరు ప్రాంతంలో పాటూరి రాజగోపాలనాయుడు వంటి అనుయాయులు ఆయనకు ఉన్నారు. 1951లో ఆంధ్ర ప్రాంత కాంగ్రెసు అధ్యక్ష పదవికి నీలం సంజీవరెడ్డితో పోటీపడి ఓడిన తర్వాత రంగా కాంగ్రెసును వీడి కృషికార్ లోక్‌పార్టీని స్థాపించారు. 1955లో కమ్యూనిస్టులకు వ్యతిరేకంగా ఏర్పడిన ఐక్య కూటమి ద్వారా మళ్లీ కాంగ్రెసుకు దగ్గరయ్యారు. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెసు ఉమ్మడి సహకార వ్యవసాయాన్ని ఆమోదించాక మరోసారి విడిపోయారు. రాజాజీ ప్రేరణతో, మీనూ మసానీ కార్యదర్శిత్వంలో, రంగా అధ్యక్షతన ఆ సంవత్సరమే స్వతంత్రపార్టీ వెలిసింది. ‘పర్మిట్-లైసెన్సు రాజ్యం’ అనే మాటను రాజాజీ ప్రచారంలోకి తెచ్చారు.

ఆ పార్టీ 21 మూలసూత్రాలలో చివరిది ఇక్కడ గమనించదగినది. మూలసూత్రాల పరిధిలోకి రాని విషయాలపై సభ్యులు తమ అభిప్రాయాన్ని అనుసరించి నడుచుకోవచ్చునని ఆ సూత్రం సారాంశం. సభ్యుని విధేయతను కొన్ని సూత్రాలకు మాత్రమే పరిమితం చేసి మిగిలినదంతా అతని అంతరాత్మకు వదిలివేసిన పార్టీలు మన దేశంలో అరుదు. పార్టీ బలహీనతకు కూడా ఇదే ఒక కారణమైందనవచ్చు.

2. పట్టా చేతికి వచ్చిన కాలం

1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లా ఒకే రకమైన భూవ్యవస్థ కలది కాదు. చిత్తూరు, చంద్రగిరి ప్రాంతాలు ఉత్తర ఆర్కాటు నుంచి, మదనపల్లె, వాయల్పాడు కడప నుంచి వచ్చాయి. కార్వేటినగరం, శ్రీకాళహస్తి, పుంగనూరు, కుప్పం ప్రాంతపు కంగుంది జమీందారీలలో రైతుకూ ప్రభుత్వానికీ మధ్య జమీందారు ఉన్నాడు. రైతువారీ గ్రామాలలో రైతు నేరుగా ప్రభుత్వానికే శిస్తు కట్టేవాడు.

1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం (26వ చట్టం) పూర్తి పేరులోనే దాని ఉద్దేశం ఉంది: ఎస్టేట్లను రద్దుచేసి రైతువారీగా మార్చడం. ఆ కాలపు రైతుకు ‘ఎస్టేటు’ అంటే తప్పించుకోవలసిన స్థితి, ‘రైతువారీ పట్టా’ అంటే చేరవలసిన గమ్యం. సర్వే, సెటిల్‌మెంటు పనులు ఏళ్ల తరబడి సాగినందువల్ల 1950లలోనూ అనేక గ్రామాలలో పట్టా కొత్త కాగితమే. ఆ సమయంలో ఢిల్లీ నుంచి వచ్చిన ఉమ్మడి సాగు ప్రతిపాదన, నిన్న వచ్చిన పట్టాను రేపు ఉమ్మడి కుప్పలో వేయాలన్నట్లుగా వినబడింది. నాగపూర్ తీర్మానం రైతు యాజమాన్యాన్ని కాగితంమీద గుర్తించినప్పటికీ, సాగు నిర్ణయం చేజారిన యజమాని ఎంతవరకు యజమాని అన్న అనుమానం న్యాయమైనదే.

అదే రైతులు సహకారాన్ని ద్వేషించలేదు. పరపతి సంఘాలలో సభ్యులయ్యారు. చిత్తూరులోను, రేణిగుంట సమీపాన గాజులమండ్యంలోను సహకార చక్కెర కర్మాగారాలు నడిచాయి. కొనుగోలు, అమ్మకం, రుణం ఉమ్మడిగా ఉండవచ్చు, చేను మాత్రం ఎవరిది వారికే ఉండాలన్నది రైతు గీసుకున్న గీత. స్వతంత్రపార్టీ సేవా సహకారాన్ని ఒప్పుకొని ఉమ్మడి సాగును నిరాకరించినప్పుడు ఈ గీతనే రాజకీయ భాషలోకి తెచ్చింది. రంగా రాజకీయాలను మసానీ బొంబాయి ఉదారవాదానికి తెలుగు అనువాదంగా చూసేవారు దీనిని మరచిపోతారు.

3. నిర్వచనం మారిన రోజు

చిత్తూరు సభ్యునిగా, లోక్‌సభలో స్వతంత్ర పక్షనాయకునిగా రంగా ఎదుర్కొన్న అతి పెద్ద పోరాటం 17వ రాజ్యాంగ సవరణ. దాని నేపథ్యం పూర్వపు మద్రాసు రాష్ట్ర భూములదే. 1951 నాటి మొదటి సవరణ చేర్చిన 31-ఎ అధికరణం ‘ఎస్టేటు’ల సేకరణను ప్రాథమిక హక్కుల సవాలు నుంచి రక్షించింది. ఎస్టేటు అంటే ఏమిటో స్థానిక భూచట్టాన్ని బట్టి నిర్ణయించాలి. మద్రాసు నుంచి కేరళలో కలిసిన కాసరగోడు ప్రాంతపు రైతువారీ భూములు ఎస్టేట్లు కావని, కాబట్టి వాటి విషయంలో కేరళ భూసంబంధాల చట్టం చెల్లదని సుప్రీంకోర్టు 1961 డిసెంబరులో కరింబిల్ కున్హికోమన్ కేసులో తీర్పిచ్చింది. 1964 మార్చిలో మద్రాసు భూపరిమితి చట్టమూ కోర్టులో నిలవలేదు. చిత్తూరు రైతు చేతిలోని పట్టా కూడా ఈ జాతికి చెందినదే.

కేంద్రం కోర్టుతో వాదించలేదు, నిర్వచనాన్నే మార్చింది. 17వ సవరణ ‘ఎస్టేటు’లో రైతువారీ భూములను చేర్చి, తొమ్మిదవ షెడ్యూలుకు 44 చట్టాలను జోడించింది. వాటిలో మొట్టమొదటిది 1961 నాటి ఆంధ్రప్రదేశ్ భూగరిష్ఠ పరిమితి చట్టం. 1964 ఏప్రిల్‌లో ప్రత్యేక ఆధిక్యం దొరకక బిల్లు పడిపోయింది. నెహ్రూ మరణానంతరం తిరిగి ప్రవేశపెట్టగా గట్టెక్కి, జూన్ 20న చట్టమైంది. పదహారేళ్ల క్రితం ఎస్టేటును రద్దుచేసి ఇచ్చిన పట్టా ఇప్పుడు రాజ్యాంగం దృష్టిలో తానే ఎస్టేటు. రాజ్యం తన నిఘంటువును తానే దిద్దుకొని పౌరుని హక్కును కుదించగలదన్న భయానికి ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ ఆనాటి రైతుకు అక్కరలేదు.

అయితే చట్టాన్ని పూర్తిగా చదివితే మరొక వైపు కనబడుతుంది. గరిష్ఠ పరిమితికి లోబడి సొంత సాగులో ఉన్న భూమిని తీసుకుంటే మార్కెట్ విలువకు తగ్గకుండా పరిహారం ఇవ్వాలని ఆ సవరణే ఒక నిబంధన చేర్చింది. పైగా ఆంధ్రప్రదేశ్ 1961 చట్టం విధించిన పరిమితి, భూమి తరగతిని బట్టి, 27 నుంచి 324 ఎకరాలు. చెరువుమీద, బావిమీద ఆధారపడి నాలుగైదు ఎకరాలలో చెరకు, వేరుశనగ పండించే రైతుకు ఆ చట్టం వల్ల ముప్పు లేదు. ముప్పు ఉన్నవారు వేరు. 1930లలో జమీందారులతో పోరాడిన రంగా, 1960లలో రాజస్థాన్, బీహారులలో మాజీ సంస్థానాధీశులూ జమీందారులూ బలంగా ఉన్న పార్టీకి అధ్యక్షులు. చిన్న రైతు భయం పెద్ద భూస్వామికి కవచమైందన్న విమర్శను తోసిపుచ్చడం కష్టం. కానీ ఆ భయం కల్పితమనీ అనలేము. రైతును కలవరపెట్టినది ఎకరాల లెక్కకంటె, ఆ లెక్కను మార్చే అధికారం ఎవరి చేతిలో ఉందన్నది. 1973 చట్టం పరిమితిని మాగాణికి 10–27 ఎకరాలకు, మెట్టకు 35–54 ఎకరాలకు తగ్గించినప్పుడు ఆ కలవరానికి ఆధారం ఉన్నదని తేలింది.

4. మండీకి కట్టుబాటు

మిల్టన్ ఫ్రీడ్‌మన్ ‘కాపిటలిజం అండ్ ఫ్రీడమ్’ వెలువడినది కూడా 1962లోనే. పోటీ విపణి ఆర్థికాధికారాన్ని రాజకీయాధికారం నుంచి విడదీస్తుందని, అందువల్ల అది రాజకీయ స్వేచ్ఛకు అవసరమైన షరతు అని (చాలిన షరతు కాదని కూడా) ఆ గ్రంథం వాదన. స్వతంత్రపార్టీ ఆలోచన దీనికి దూరం కాదు. చిత్తూరు బెల్లం వ్యాపారం ఈ వాదనకు మంచి పరీక్ష.

మండీ వ్యాపారి వద్ద సాగుకు అడ్వాన్సు తీసుకున్న రైతు బెల్లం ఆ మండీకే తోలాలి. పక్క మండీలో ధర ఎక్కువ పలికినా బండి అటు తిరగదు. కాగితం ఉన్నా లేకపోయినా మాట ఉంటుంది. కరవు సంవత్సరం బాకీ వాయిదా వేసేదీ, పెళ్లికి చేబదులు ఇచ్చేదీ ఆ వ్యాపారే కనుక దీనిని కేవలం దోపిడీ అనీ అనలేము. ‘ఉప్పు తిన్న విశ్వాసం’ అన్న పలుకుబడి ఇలాంటి సంబంధానికి పుట్టినదే. తెలుగులో విధేయత, విశ్వాసం, నమ్మకం వేరువేరు మాటలు. విధేయత కింది నుంచి పైకి మాత్రమే పోతుంది. నమ్మకం ఇరువైపులా ఉండాలి. మండీ సంబంధంలో ఈ రెండూ కలిసిపోయి ఉంటాయి. పర్మిట్ల రాజ్యాన్ని ఎదిరించిన పార్టీ ఈ కట్టుబాటు గురించి దాదాపు మౌనం వహించింది. 1961 నాటి చెరకు సరఫరా, కొనుగోలు క్రమబద్ధీకరణ చట్టం కర్మాగారానికి ప్రాంతాన్ని కేటాయించి రైతును కట్టివేస్తుందన్నది నిజమే. మండీ అడ్వాన్సు కూడా కట్టివేస్తుంది. ఒక కట్టు చట్టంలో కనబడుతుంది, మరొకటి కనబడదు, అంతే తేడా.

ఇక పట్టాయే లేనివారి మాట. చెరకు నరికి, గానుగ వద్ద రాత్రింబవళ్లు పనిచేసే దళిత వ్యవసాయ కూలీకి ఆస్తిహక్కు ద్వారా వచ్చే స్వేచ్ఛలో చోటు లేదు. అతని ఓటు 1962లో ఎటు పోయిందో నిర్ణయించడంలో అతనికి పని ఇచ్చే రైతు పాత్ర ఎంత అన్న ప్రశ్న స్వతంత్రపార్టీ చరిత్రకారులు తగినంతగా వేయలేదు. రాష్ట్ర శాసనసభలో ఆ పార్టీ 1962లో 19, 1967లో 29 స్థానాలు గెలిచింది. ఆ బలం ప్రధానంగా భూమి ఉన్న సాగుదారు కులాల బలం.

5. 1977

1967లో రంగా శ్రీకాకుళానికి మారారు, చిత్తూరు తిరిగి కాంగ్రెసుకు దక్కింది. లోక్‌సభలో స్వతంత్రపార్టీ 1967లో 44 స్థానాలకు ఎదిగి 1971లో 8కి పడిపోయింది. 1972లో రాజాజీ మరణించారు. 1974లో పార్టీ భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయింది. ఆలోగా రంగా కాంగ్రెసులో చేరారు.

1975 జూన్‌లో అత్యవసర పరిస్థితి వచ్చినప్పుడు పార్టీ మాజీ నాయకులు భిన్నమైన దారులలో ఉన్నారు. మసానీ తన పత్రిక ‘ఫ్రీడమ్ ఫస్ట్’పై సెన్సారు ఆంక్షలను బొంబాయి హైకోర్టులో సవాలు చేసి గెలిచారు. రంగా అధికార పక్షంలోనే ఉన్నారు. శ్రీకాకుళంలో ఆయన సహచరుడైన గౌతు లచ్చన్న జనతా వైపు నడిచారు. చిత్తూరులో రంగా అనుయాయి రాజగోపాలనాయుడు 1977లో కాంగ్రెసు అభ్యర్థిగా లోక్‌సభకు గెలిచి, 1980లోనూ గెలిచారు. అంతరాత్మకు వదిలివేసిన పార్టీలో అంతరాత్మలు ఇన్ని దారులు పట్టాయి. రంగా ఎంపికను అవకాశవాదమని తేల్చివేయడం సులభం. ఆయన 1951 నుంచి కాంగ్రెసును వీడడం, చేరడం రెండూ రైతు ప్రయోజనం పేరుతోనే చేశారు. కానీ రాజకీయ స్వేచ్ఛ లేనిదే రైతు స్వేచ్ఛ లేదని 1959లో చెప్పిన నాయకుడు పత్రికల నోరు మూసిన రెండేళ్లూ అధికార పక్షంలో కొనసాగడం ఆ వాదనలోని బలహీనమైన చోటును బయటపెట్టింది. స్వేచ్ఛను ప్రధానంగా ఆస్తి ద్వారా కొలిచినవారికి, ఆస్తి జోలికి రాని నిరంకుశత్వం అంత భయంకరంగా కనబడకపోవచ్చు. అదే దశకంలో దక్షిణ కొరియా, చిలీ పాలకులు విపణికి తలుపులు తెరచి పౌరుల నోళ్లు మూయగలమని చూపించారు.

ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాలలో 41 కాంగ్రెసువే. జనతాకు దక్కిన ఒక్కటీ రాయలసీమలోని నంద్యాల, విజేత నీలం సంజీవరెడ్డి. ఉత్తరాదిని కుదిపిన నిర్బంధ శస్త్రచికిత్సల తీవ్రత ఇక్కడ లేదన్నది తరచుగా చెప్పే కారణం. అది చాలదు. ఇళ్లస్థలాలు, రుణవిముక్తి, కనీస వేతనాల ప్రస్తావన ఉన్న ఇరవై సూత్రాల కార్యక్రమం, పట్టా లేనివారితో ప్రభుత్వం నేరుగా మాట్లాడిన అరుదైన సందర్భం. అమలు ఎంత అన్నది వేరే ప్రశ్న. భూమి ఉన్న రైతును దాటి ఢిల్లీకి నేరుగా కట్టుబడే దారి కూలీకి అప్పుడు కనబడింది. ఆ ఓటును నిరంకుశత్వానికి విధేయత అనడం, 1962లో అతని ఓటును స్వేచ్ఛాభిమానం అనడమంత తొందరపాటే.

కేంద్రంలో గెలిచిన జనతా ప్రభుత్వంలో స్వతంత్రపార్టీ వారసులూ భాగస్వాములే. ఆ ప్రభుత్వం తెచ్చిన 44వ సవరణ (1978) అత్యవసర పరిస్థితి విధింపును కఠినతరం చేసింది. దానితోపాటు 19(1)(ఎఫ్), 31 అధికరణాలను తొలగించి ఆస్తిహక్కును ప్రాథమిక హక్కుల జాబితా నుంచి తప్పించి, 300-ఎ కింద సాధారణ రాజ్యాంగ హక్కుగా మార్చింది. 31-ఎ మాత్రం మిగిలింది. సొంత సాగులోని భూమికి మార్కెట్ విలువ చెల్లించాలన్న 1964 నాటి నిబంధన, రైతువారీ పట్టాను ఎస్టేటుగా లెక్కగట్టే నిర్వచనం, రెండూ నేటికీ ఆ అధికరణంలో పక్కపక్కనే ఉన్నాయి.