పోస్ట్‌డిజిటల్ విద్యా చింతన

బడిలోనూ బతుకులోనూ డిజిటల్ పరికరాలు విడదీయలేనంతగా కలిసిపోయాయని, కాబట్టి సాంకేతికతను ఒకవైపు, చదువును మరోవైపు ఉంచి పరిశీలించడం కుదరదని చెప్పే ఆలోచనాధార. ఇందులో ‘పోస్ట్’ అంటే డిజిటల్ యుగం ముగిసిందని కాదు. పాలకులు వెళ్లిపోయాక కూడా వీడని వలసపాలన నీడను వలసానంతరం అంటున్నాం. అలాగే డిజిటల్‌లోని కొత్తదనం పోయి, ప్రభావం మాత్రం నిలిచిపోయిన స్థితికి ఇది పేరు. ‘డిజిటల్ అనంతర’ అంటే కాలక్రమమే స్ఫురిస్తుంది కనుక ఇక్కడ మూలపదాన్నే వాడుతున్నాం.

బడిలోకి యంత్రం వచ్చిన ప్రతిసారీ ఆశలు మిన్నంటాయి. సినిమా రాకతో పాఠ్యపుస్తకాలు మూలపడతాయని 1913లో థామస్ ఎడిసన్ జోస్యం చెప్పాడు. 1950లలో బి. ఎఫ్. స్కిన్నర్ బోధనా యంత్రం, 1960లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ప్లేటో కంప్యూటర్ వ్యవస్థ వచ్చాయి. 1975-76లో మన దేశం సైట్ ప్రయోగం ద్వారా ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు ఉపగ్రహ టీవీ కార్యక్రమాలు అందించింది. సినిమా, రేడియో, టీవీలను తరగతిలో ఉపాధ్యాయులు నిజంగా ఎంత వాడారో ల్యారీ క్యూబన్ 1986 నాటి ‘టీచర్స్ అండ్ మెషీన్స్’లో పరిశీలించాడు. ఆర్భాటానికీ వాడకానికీ మధ్య ఉన్న దూరాన్ని ఆ పుస్తకం స్పష్టంగా చూపింది.

‘పోస్ట్‌డిజిటల్’ అన్న మాట విద్యారంగంలో కాక కళారంగంలో పుట్టి పెరిగింది. డిజిటల్ విప్లవం అయిపోయిందని, గాలీ నీరూ లాగే ఇకపై డిజిటల్ కూడా లేనప్పుడే గుర్తుకొస్తుందని నికొలస్ నెగ్రోపాంటే 1998 డిసెంబరులో ‘వైర్డ్’ పత్రికలో రాశాడు. కంప్యూటర్ పొరపాట్ల నుంచి, గరగరల నుంచి సంగీతం అల్లే ధోరణికి 2000లో కిమ్ కాస్కోన్ ‘పోస్ట్‌డిజిటల్’ అన్న పేరు పెట్టాడు. అదే ఏడాది రాబర్ట్ పెప్పరెల్, మైకేల్ పంట్‌ల ‘ద పోస్ట్‌డిజిటల్ మెంబ్రేన్’ వెలువడింది.

విప్లవం ముగిసిందన్న నెగ్రోపాంటేయే తర్వాత పేద దేశాల పిల్లలందరికీ చవక ల్యాప్‌టాప్ ఇవ్వాలనే ఉద్యమానికి నాయకత్వం వహించాడు. ఆ ల్యాప్‌టాప్‌లపై పెరూలోని 319 గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో జరిపిన అధ్యయనం 2012లో వెలువడింది. గణితం, భాష పరీక్షల మార్కుల్లో దానికి మెరుగుదల కనబడలేదు. పెట్టె ఒక్కటే చదువు చెప్పదనడానికి పోస్ట్‌డిజిటల్ వాదులకు ఇంతకంటే బలమైన ఉదాహరణ అక్కర్లేదు.

విద్యారంగంలో పోస్ట్‌డిజిటల్ చింతనకు తొలి స్పష్టమైన రూపం 2009లో ‘52 గ్రూప్’ ప్రకటనతో వచ్చింది. అంతకు ముందు ఏడాది ‘మూక్’ (భారీ బహిరంగ ఆన్‌లైన్ కోర్సు) అన్న మాటను వాడుకలోకి తెచ్చిన డేవ్ కార్మియర్, ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన డేవ్ వైట్ ఈ బృందంలోని వారు. పరికరాన్ని చూసి మురిసిపోవడం మాని, అది చేరిన మనుషుల జీవితాన్ని చూడాలన్నది వారి ప్రకటన సారాంశం. మార్క్ ప్రెన్‌స్కీ 2001లో ప్రచారంలోకి తెచ్చిన ‘డిజిటల్ నేటివ్’ విభజన వయసును బట్టి గీత గీసింది. వైట్, అలిసన్ లె కోర్ను 2011లో దాని స్థానంలో ‘సందర్శకులు, నివాసులు’ (వెబ్‌ను పనిముట్టుగా వాడేవారు, అందులో ఉనికి ఏర్పరచుకునేవారు) అనే భేదాన్ని ప్రతిపాదించారు. ఒకే మనిషి ఒకచోట సందర్శకుడిగా, మరోచోట నివాసిగా ఉండవచ్చునని గుర్తించడం అందులోని మేలైన సంగతి.

2018లో క్రొయేషియా విద్యావేత్త పెటర్ యాండ్రిచ్, మరో ఐదుగురు కలిసి ‘ఎడ్యుకేషనల్ ఫిలాసఫీ అండ్ థియరీ’లో రాసిన వ్యాసం ఈ చింతనకు ఇరుసైంది. యాండ్రిచ్ సంపాదకత్వంలో 2019లో స్ప్రింగర్ సంస్థ ‘పోస్ట్‌డిజిటల్ సైన్స్ అండ్ ఎడ్యుకేషన్’ పత్రికను ప్రారంభించింది. ఆ ఏడాదే టిమ్ ఫాన్స్ అందులో రాసిన వ్యాసం చదవదగినది. ‘డిజిటల్ విద్య’ను విడి వర్గంగా చూడటంలో చిక్కులున్నాయని, అన్ని చదువుల్లోనూ డిజిటల్, డిజిటలేతర అంశాలు కలిసే ఉంటాయని అతని వాదన. ఫోన్‌లో పాఠం వినే పిల్లవాణ్నే తీసుకుంటే, అతని చదువులో తెర ఎంతో రీచార్జ్ డబ్బులు, కరెంటు, వంటింటి చప్పుడు, సందేహం తీర్చే అక్క కూడా అంతే. 2022లో ఫాన్స్ ఈ వాదాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లి, సాంకేతికతా బోధనా ఒకదానివెంట ఒకటి నడిచేవి కావని, లక్ష్యాలు, సందర్భం, విలువలతో కలిసి పెనవేసుకుంటాయని వివరించాడు.

కోవిడ్ ఈ మాటలకు రుజువై నిలిచింది. 2020లో యాండ్రిచ్ బృందం 19 దేశాలకు చెందిన 84 మంది రచయితల అనుభవాలనూ, వారు పనిచేసిన మూలల ఫొటోలనూ సంకలనం చేసింది. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో పాఠాలు మొదలయ్యాయి. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ లేని పిల్లలకు పాత టీవీయే కొత్త తరగతి గది అయింది.

పరికరాలే అందని కోట్ల మందికి ‘డిజిటల్ కొత్తదనం పోయింది’ అన్న మాట ఎలా వర్తిస్తుందన్నది ఈ చింతనపై వచ్చిన ముఖ్య విమర్శ. సారా హేస్ 2021 నాటి ‘పోస్ట్‌డిజిటల్ పొజిషనాలిటీ’ దీన్ని నేరుగా ఎదుర్కొంది. ఒకరి డిజిటల్ స్థితి మరొకరిది కాదని, అందరినీ ఒకే గాటన కట్టే విధానాలు చేరికను సాధించలేవని ఆమె వాదించింది. సాంకేతికతనూ చదువునూ విడదీయలేమన్న మాటకు మరో పరీక్షగా, 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక, విద్యార్థి రాసిన వ్యాసంలో ఏది మనిషిది, ఏది యంత్రానిది అన్న ప్రశ్న తరగతి గదుల్లోకి వచ్చింది.