ఔట్‌బోర్డ్ మోటారు: పూర్తి వేగం అందని లోపం

పడవ వెనుక అంచుకు బిగించే ఔట్‌బోర్డ్ మోటారులో థ్రాటిల్‌ను చివరిదాకా తిప్పినా, ఇంజను తయారీదారు నిర్దేశించిన గరిష్ఠ భ్రమణ వేగాన్ని (అనేక నమూనాల్లో నిమిషానికి 5,000 నుంచి 6,000 చుట్లు) అందుకోలేకపోవడమే ఈ లోపం. చుట్లు ఎక్కువగానే ఉండి పడవ మాత్రం మందగిస్తే, ప్రొపెల్లరు నడుమనున్న రబ్బరు కూర్పు జారుతున్నదని అనుమానించాలి కనుక, చుట్లను కొలిచే టాకోమీటరు చూడకుండా విడిభాగాలు మార్చడం వృథా వ్యయం.

తరచుగా లోపం ఇంధన సరఫరాలో ఉంటుంది. ట్యాంకు మూతలోని గాలి రంధ్రం మూసుకుపోతే లోపల పాక్షిక శూన్యం ఏర్పడి పెట్రోలు ప్రవాహం సన్నగిల్లుతుంది. మెల్లగా నడిపేటప్పుడు బయటపడని ఈ కొరత పూర్తి భారం పడగానే తెలుస్తుంది. పడవ నడుస్తుండగా గొట్టంపైనున్న రబ్బరు బల్బును నొక్కినప్పుడు వేగం పుంజుకుంటే ఇంధన పంపు బలహీనపడి ఉండవచ్చు. బల్బు దానంతటదే అణగిపోతే అడ్డంకి ట్యాంకు వైపు ఉన్నట్టు. ఈ పరీక్షకు ఖర్చేమీ లేదు, అందుకే దీనిని మొదట చేయాలి.

థ్రాటిల్ కేబుల్ సాగడం, స్పార్క్ ప్లగ్గు పాడవడం కూడా కారణాలే. ఆధునిక మోటార్లు అతిగా వేడెక్కితే తమంతట తామే వేగాన్ని తగ్గించుకుంటాయి. ఇవేవీ కానప్పుడు ప్రొపెల్లరు పిచ్‌ను, అంటే ఒక చుట్టుకు అది సైద్ధాంతికంగా ముందుకు సాగే దూరాన్ని, పరిశీలించాలి. పిచ్ ఒక అంగుళం తగ్గితే చుట్లు సుమారు 150 నుంచి 200 వరకు పెరుగుతాయి.