షాబ్లీ సీసా – ఈతచెట్టు గంట్లు

ఫ్రాన్సు దేశపు తెల్ల వైన్లలో షాబ్లీది విశిష్ట స్థానం. షార్డొనే అనే ఒకే ఒక ద్రాక్షరకం నుంచి అది తయారవుతుంది. ఆ తోటల సున్నపు నేలలో పురాతన ఆల్చిప్పల శిలాజాలు కనిపిస్తాయి. ఆ వైనుకు జోడుగా రసికులు కోరుకునేదీ ఆల్చిప్పలనే. 1938లో ఆ పేరుకు చట్టరక్షణ లభించింది. ఏ నేల, ఏ ద్రాక్ష అన్నది తేలనిదే సీసాపై ఆ పేరు వ్రాయరాదు.

జగిత్యాల కోటను 18వ శతాబ్దంలో ఫ్రెంచి ఇంజనీర్ల సాయంతో కట్టారని చెబుతారు. నక్షత్రాకారపు ఆ కోట నిలిచింది గాని వారి వైను మాత్రం ఇక్కడ వేరూనలేదు. ఈ నేలకు తనదైన పానీయం అప్పటికే ఉంది: కల్లు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతపు కల్లుకు కూడా రకమూ, ఋతువూ, జోడూ ఉన్నాయన్నదే నేనిక్కడ చెప్పదలచినది.

ముందుగా రకాలు. తాటిలో మగచెట్టు పోతుతాడు, ఆడచెట్టు పండుతాడు. తాటికి గెల కొసను రోజూ పలుచగా చెక్కి లొట్టి కడతారు. ఈతకు మొవ్వు కింద మొద్దునే గీస్తారు. చలికాలం దాని అదను. మోకు, ముస్తాదు, గీతకత్తి గౌడన్న పరికరాలు. ఏ చెట్టు ఏ రుచి ఇస్తుందో తెలిసినవాడు అతడే.

ద్రాక్షరసానికి నెలలూ ఏళ్లూ కావాలి. కల్లుకు గంటలు చాలు. లొట్టిలోని సూక్ష్మజీవులు చక్కెరను వెంటనే పులియబెడతాయి. కొద్ది గంటలలో మద్యసారం సుమారు 4 శాతానికి చేరుతుంది. మర్నాటికి పులుపు ముదురుతుంది. కనుక ఉదయపు తీపి కల్లుకు తాలింపు పెట్టిన గుడాలు చాలు. పొద్దెక్కి పులిసినదానికి కారం పట్టించిన చేపో, బోటి కూరో అంచుకు ఉండాలని నా అభిప్రాయం. ఆ పులుపు కొవ్వునూ కారాన్నీ సర్దుతుంది. ఎల్లమ్మకు సాక పోసేదీ ఈ కల్లే.

ఇంతటి ఎరుక ఉన్నా, కాగితం మీద కల్లు చరిత్ర చాలావరకు పన్నుల చరిత్రే. నిజాం రాజ్యానికి భూమిశిస్తుతో పాటు ఆబ్కారీ ప్రధాన ఆదాయం. 1316 ఫసలీలో, అంటే 1906-07 ప్రాంతంలో, హైదరాబాదు ఆబ్కారీ చట్టం వచ్చింది. 1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టం వచ్చింది. సర్కారు చెట్లకు నంబర్లు వేసింది, గుత్తేదారులకు వేలం పాడింది. చెట్టును లెక్కించింది గాని, ఆ చెట్టు రుచిని ఎక్కడా నమోదు చేయలేదు.

ఇది కేవలం రసజ్ఞతకు సంబంధించిన లోటు కాదు. కల్లు ఏ చెట్టుదో, ఏ ఊరిదో అడిగే అలవాటు పోయిన చోట క్లోరల్ హైడ్రేటు, డైజిపామ్, అల్ప్రాజోలమ్ వంటి మందులు కలిపిన నీళ్లు కూడా కల్లు పేరుతోనే అమ్ముడుపోతాయి. 2025 జులైలో హైదరాబాదులోని కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు పలువురి ప్రాణాలు తీసింది. షాబ్లీ పేరును కాపాడే చట్టం తాగేవాడికి ఒక హామీ. మన కల్లుకు మిగిలిన హామీ గీసినవాడి మాట ఒక్కటే. ఆ గీసేవాడు చెట్టు మీదినుంచి పడకుండా 2024లో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో పరికరాలు ఇవ్వడం మొదలుపెట్టింది. అతని ప్రాణంతో పాటు అతని ఎరుకనూ కాపాడుకోవాలి. ఊరి పేరూ, చెట్టు రకమూ, గీసిన పూటా చెప్పి అమ్మే కల్లు మనకు రావాలి.

నమోదు అసలే లేదనడం కూడా సరికాదు. ఈతచెట్టును ఒక ఏడు ఒక వైపు, మరుసటి ఏడు ఎదుటి వైపు గీస్తారు. అందుకే దాని మొద్దుపై వంకరటింకర గంట్లు మెట్లుగా పైకి సాగుతాయి. వాటిని లెక్కిస్తే ఆ చెట్టు ఎన్నేళ్లు కల్లు ఇచ్చిందో తెలుస్తుంది. సీసాపై ముద్రించిన సంవత్సరం కన్నా అది నమ్మదగినది.